విత్తనం మిగుల్చుకునే చదువు

బైపీసీ చదివిన బిడ్డకు ఎంబీబీఎస్ సీటు రాకపోతే ఆ చదువంతా బూడిదలో పోసిన పన్నీరేనన్న భావన అనంతపురం, కళ్యాణదుర్గం, రాయదుర్గం ప్రాంతాల తల్లిదండ్రులలో ఎంతగా పాతుకుపోయిందంటే, వైద్యుడు ఆధారపడే జ్ఞానాన్ని సమకూర్చే శాస్త్రం వేరే ఒకటున్నదన్న మాట వారి చెవికెక్కదు. మగవారిలో శుక్రకణాలను పుట్టించే మూలకణాలను ఒక్కొక్కటిగా విడదీసి, వాటిలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చదివే పరిశోధన అటువంటి శాస్త్రంలో ఒక శాఖ.

తనలాంటి కణాన్ని నిలుపుకుంటూనే వేరే రకం కణాలను కూడా పుట్టించగలిగేది మూలకణం. వేరుశనగ రైతు పంటలో చాలా భాగం అమ్మి, మేలైన కాయలను ఏరువాక కోసం విత్తనంగా దాచుకున్నట్లే, వృషణంలోని సన్నని నాళికల గోడల వెంట ఉండే ఈ కణాల సంతతిలో కొన్ని మూలకణాలుగానే మిగులుతాయి, తక్కినవి విభజన చెందుతూ సుమారు 74 రోజులలో శుక్రకణాలుగా మారుతాయి. విత్తనం తరిగిన ఇంట చేను బీడైనట్లు, మూలకణాలు నశించిన వృషణంలో ఉత్పత్తి ఆగిపోతుంది. క్యాన్సర్ చికిత్స పొందిన మగపిల్లలలో కొందరికి ఎదురయ్యే ప్రమాదం ఇదే.

వృషణ కణజాలంలో శుక్రకణాల వివిధ దశలతో పాటు వాటిని పోషించే సెర్టోలి కణాలు, హార్మోన్‌ను స్రవించే లేడిగ్ కణాలు కలగలిసి ఉండటంవల్ల, అంతటినీ కలిపి నూరి పరీక్షిస్తే దొరికేది సగటు మాత్రమే. బస్తా కాయలను గానుగాడితే నూనె ఎంతో తెలుస్తుంది గాని ఏది గట్టి కాయో, ఏది పుచ్చు కాయో తెలియదు కదా! ఏకకణ విశ్లేషణలో ఒక్కో కణాన్ని ఒక్కో సూక్ష్మబిందువులో బంధించి, పనిచేస్తున్న జన్యువుల నకలైన ఆర్‌ఎన్‌ఏకు ఆ కణానికే చెందిన గుర్తు తగిలించి, తరువాత ఆ నకళ్లను చదువుతారు. 2018లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయానికి చెందిన బ్రాడ్లీ కెయిర్న్స్ బృందం సుమారు 6,500 మానవ వృషణ కణాలను ఇలా పరిశీలించి, శుక్రకణాలకు పూర్వరూపాలైన కణాలలో ఐదు వేర్వేరు స్థితులను గుర్తించింది.

తెలుగు నేలకు ఈ శాస్త్రం దూరమైనదేమీ కాదు. హైదరాబాదులో 1977లో నెలకొన్న కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ)లో మగవారి సంతానలేమికి జన్యుకారణాలను వెదికే కృషి ఏళ్ల తరబడి సాగుతున్నది. జన్యుశాస్త్రవేత్త తంగరాజ్ నాయకత్వంలోని బృందం ఈ సంతానలేమితో సంబంధమున్న ఎనిమిది జన్యువులను 2022లో వెల్లడించింది. అది ఏకకణ పద్ధతిలో జరిగిన పని కాకపోయినా, అటువంటి జన్యువులు ఏ కణంలో, ఏ దశలో పనిచేస్తాయో తేల్చగలిగేది ఆ పద్ధతే. పిల్లలు పుట్టకపోతే కోడలినే నిందించే సమాజానికి ఇంతకన్నా గట్టి సమాధానం మరొకటి ఉండదు.

ఈ శాస్త్రం వైపు నడిచే దారికి ప్రధాన శత్రువు లాంగ్‌టర్మ్ కోచింగ్. ఒకసారి రాని ర్యాంకు మూడోసారి తప్పక వస్తుందన్న ఆశతో, వాన నమ్మకం లేని సీమలో ఉన్న రెండెకరాలు తాకట్టు పెట్టి, పిల్లలను విజయవాడ, హైదరాబాదు హాస్టళ్లలో ఏళ్ల తరబడి కూర్చోబెట్టడం చదివించడం అనిపించుకోదు. అది పిల్లల వయసునూ ఇంటి విత్తనాన్నీ కలిపి జూదంలో ఒడ్డడమే. తమకు తీరని కోరికను పిల్లల నెత్తిన మోపి దానికి ప్రేమ అని పేరు పెట్టే పెద్దలు, ఒక ఏడాది తరువాతనైనా ఆగి, ఆ బిడ్డకు దేనిలో ఆసక్తి ఉన్నదో అడగవలసి ఉంటుంది.

రెండో ఉచ్చు కొత్త మోజు. ఆరు వారాలలో జీనోమిక్స్, మూడు నెలలలో ఎంబ్రియాలజీ నేర్పి ఉద్యోగమిప్పిస్తామనే ప్రకటనలను నమ్మి వేలు, లక్షలు ధారపోసేవారు, సంతానసాఫల్య కేంద్రాల సిబ్బందికి 2021 నాటి చట్టం కింద నిర్దిష్ట అర్హతలు, అనుభవం అవసరమన్న సంగతిని మరువరాదు. ఏకకణ పరిశోధకుని ముందుండే తెర మీద ఇరవై వేల జన్యువుల వరుసలు, వేల కణాల నిలువు గళ్లు, వాటిలో అధికభాగం సున్నాలు కనిపిస్తాయి. ఏ సున్నా నిజమో, ఏది యంత్రం పట్టలేకపోయినదో, ఏ కణం పరీక్షకు ముందే చచ్చిపోయినదో తేల్చడానికి జీవశాస్త్రం, సంఖ్యాశాస్త్రం, ప్రోగ్రామింగ్ మూడూ కావాలి. ఆ నేర్పు సర్టిఫికెట్‌తో రాదు.

అందువల్ల మేలైన దారి నిదానమైనదే. జువాలజీ లేదా బయోటెక్నాలజీ మేజర్‌గా, వీలైన చోట స్టాటిస్టిక్స్ లేదా కంప్యూటర్స్ మైనర్‌గా ప్రభుత్వ కళాశాలలో డిగ్రీ చేసి, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వంటి చోట గాని, ప్రవేశపరీక్షల ద్వారా హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో గాని ఎమ్మెస్సీ పూర్తిచేస్తే ఖర్చు తక్కువ, పునాది గట్టిది. ఇంటర్‌తోనే ఐసర్ తిరుపతి అనే విజ్ఞాన విద్యాసంస్థలో చేరగలిగినవారికి అది ఇంకా మంచిది. ఎమ్మెస్సీలో 55 శాతం మార్కులతో సీఎస్‌ఐఆర్–యూజీసీ నెట్ రాసి పరిశోధక భృతి (జేఆర్‌ఎఫ్) పొందినవారికి నెలకు 37,000 రూపాయలు, అద్దె భత్యం అదనంగా అందుతాయి. అయితే పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుందని, ఆ తరువాత స్థిరమైన కొలువులు తక్కువని ముందే తెలిసి అడుగుపెట్టడం వివేకం. గణాంక విశ్లేషణ నేర్చినవారికి ఔషధ సంస్థలలోనూ ద్వారాలు తెరుచుకుని ఉంటాయి.

మానవ శుక్రోత్పాదక మూలకణాలను ప్రయోగశాలలో దీర్ఘకాలం నమ్మకంగా పెంచడం ఇంకా సాధ్యపడలేదు గనుక, ఈ రంగంలో చేయవలసిన పని చాలానే మిగిలి ఉన్నది. కరువు సీమ రైతు ఎంత ఇబ్బందిలోనైనా విత్తనపు కాయల జోలికి పోడు. బిడ్డ చదువు విషయంలోనూ ఆ ఇంగితమే పాటిస్తే, ఇంటి నేల ఇంటికే మిగిలి, ఆ బిడ్డ తనకు నచ్చిన శాస్త్రం దాకా తన కాళ్ల మీదనే నడిచి వెళ్లగలుగుతాడు, వెళ్లగలుగుతుంది.