ఏకాదశి ఉపవాసం: నీళ్లు తాగితే, మందు వేసుకుంటే వ్రతం పోతుందా?

ఏకాదశి వీడియో చూసినవాళ్లలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆఫీసుకి వెళ్తూ ఉపవాసం ఉండొచ్చా? ఉంటే ఎలా ఉండాలి?" వీడియోలో కథ చెప్పుకున్నాం, మహిమ చెప్పుకున్నాం. ఒంటి సంగతి మాత్రం చెప్పుకోలేదు. ఆ లోటు ఈ పాఠంలో తీర్చుకుందాం. ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మా అమ్మకి షుగర్ వచ్చి తొమ్మిదేళ్లు అప్పటికి. ఆ ఏడాది తొలి ఏకాదశికి నీళ్లు కూడా ముట్టకుండా ఉంటానని మొక్కుకుంది. పొద్దున్నే పూజ అయ్యాక, రోజూ వేసుకునే షుగర్ మాత్రని తులసి తీర్థంతో మింగేసింది. "మందు మానకూడదని డాక్టర్ చెప్పారు కదా" అని ఆవిడ లెక్క. తిండి మాత్రం మానేసింది. సాయంత్రం నాలుగింటికి నాన్న ఫోన్ చేశారు. "అమ్మకి చెమటలు పట్టేస్తున్నాయిరా, మాట కూడా తేడాగా ఉంది." పంచదార నీళ్లు ఇవ్వబోతే "ఏకాదశి పోతుంది" అని గ్లాసు తోసేసిందట. ఆస్పత్రికి వెళ్లేసరికి షుగర్ 46. గ్లూకోజ్ ఎక్కించాక తేరుకుని, మొదట అడిగిన మాట: "నా వ్రతం పోయిందా?"

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. తర్వాత పెద్దలని అడిగి, పుస్తకాలు చూసి తెలుసుకున్నదే ఈ పాఠం.

శాస్త్రం ఏమంటోంది?

మహాభారతం ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి నీతులు చెప్పే ఘట్టం ఉంది. మనం విదురనీతి అంటాం కదా, అదే. అందులో వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిది ఉన్నాయని చెప్తారు. నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఇంకా ఔషధం. లిస్టులో మొదటిది నీళ్లు, చివరిది మందు. అంటే మా అమ్మ ఆ రోజు తోసేసిన గ్లాసు వల్ల ఆవిడ వ్రతానికి ఏ భంగమూ లేదు.

అంబరీషుడి కథ కూడా గుర్తు చేసుకోండి. భాగవతం నవమ స్కంధంలో వస్తుంది. ఆయన ఏడాదిపాటు ద్వాదశి వ్రతం చేసి, చివర్లో మూడు రాత్రులు ఉపవాసం ఉండి, పారణకి సిద్ధమయ్యాడు. అంతలో దుర్వాసుడు అతిథిగా వచ్చి, స్నానానికని యమునకి వెళ్లాడు. ఎంతకీ రాడు. ద్వాదశి గడియలు అయిపోతున్నాయి. అతిథి కంటే ముందు తింటే అపచారం, పారణ చేయకపోతే వ్రతలోపం. పెద్దలని అడిగితే నీళ్లు తాగమన్నారు. నీళ్లు తాగితే తిన్నట్టూ అవుతుంది, తిననట్టూ అవుతుంది. దుర్వాసుడికి కోపం వచ్చింది, నిజమే. కానీ సుదర్శన చక్రం ఎవరి వెంట పడిందో మనందరికీ తెలుసు.

ఈ కథని మనం భక్తి కోసం చెప్పుకుంటాం. ఇందులో ఆరోగ్యపాఠం కూడా ఉంది. ఉపవాసం మొదలుపెట్టడం ఎంత ముఖ్యమో, వేళకి విరమించడమూ అంతే ముఖ్యం. పారణ కూడా వ్రతంలో భాగమే. ఒంటిని శిక్షించడం వ్రతం కాదు. గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు కూడా ఇదే చెప్తాడు, అతిగా తినేవాడికీ యోగం కుదరదు, అసలు తిననివాడికీ కుదరదు అని. "ఉప" అంటే దగ్గర, "వాసం" అంటే ఉండటం. నీరసంతో కళ్లు తిరుగుతుంటే స్వామి దగ్గర మనసు ఎలా ఉంటుంది చెప్పండి?

ఒంట్లో ఏం జరుగుతుంది?

మనం తిననప్పుడు కాలేయం తన దగ్గర దాచుకున్న చక్కెరని కొంచెం కొంచెంగా రక్తంలోకి వదులుతుంది. ఆ నిల్వ సుమారు 100 గ్రాములు. అది తగ్గేకొద్దీ శరీరం కొవ్వుని వాడుకోవడం మొదలుపెడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఒక్క పూట, ఒక్క రోజు ఇది పెద్ద ఇబ్బంది కాదు.

షుగర్‌కి ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ల సంగతి వేరు. తిన్నా తినకపోయినా ఆ మందు చక్కెరని దించుతూనే ఉంటుంది. మా అమ్మకి జరిగింది అదే. 70 కంటే తగ్గితే ప్రమాదం మొదలైనట్టే. చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబడటం దాని గుర్తులు. మనిషి మింగగలిగే స్థితిలో ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ షుగర్ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి.

షుగర్, కిడ్నీ సమస్య, అల్సర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్‌ని అడగకుండా ఉపవాసం పెట్టుకోవద్దు. మాత్ర మానేయడం, టైం మార్చడం కూడా సొంతంగా చేయొద్దు.

ఆఫీసుకి వెళ్తూ ఎలా ఉండాలి?

దశమి రోజు: రాత్రి "రేపు ఎలాగూ తినం కదా" అని బిర్యానీ ఆర్డర్ పెట్టకండి. పెద్దలు దశమి నాడు ఒంటిపూట భోజనం చేసేవాళ్లు. మనం కనీసం రాత్రి త్వరగా, తేలిగ్గా తిందాం. కాఫీ బాగా అలవాటున్నవాళ్లు రెండు మూడు రోజుల ముందు నుంచే ఒక్కో కప్పు తగ్గించండి. ఒక్కసారిగా మానేస్తే మర్నాటికి తలనొప్పి వస్తుంది. చాలామంది దాన్ని ఉపవాసం వల్ల వచ్చిందనుకుంటారు.

ఏకాదశి రోజు: నీళ్లు మానకండి. ఏసీ గదిలో కూర్చుంటే దాహం తెలియదు కాబట్టి బాటిల్ ఎదురుగా పెట్టుకోండి. పాలు, మజ్జిగ, పండ్లు తీసుకోండి. జ్యూస్ కంటే పండు మేలు, పీచు ఉంటుంది, ఆకలి ఆగుతుంది. జిమ్‌కి ఆ రోజు సెలవు. కళ్లు తిరిగితే బండి నడపకండి.

సగ్గుబియ్యం గురించి ఒక మాట. ఇది కర్రపెండలం దుంప నుంచి తీసిన పిండిపదార్థం. మన సామర్లకోట, పెద్దాపురం వైపు దీని మిల్లులున్నాయి. ఇందులో దాదాపు అంతా పిండే, ప్రొటీన్ దాదాపు లేనట్టే. దాన్ని వడలు చేసి, నూనెలో వేయించి, పైన బంగాళాదుంప చిప్స్ నంజుకుంటే ఉపవాసం పేరుతో మామూలు రోజు కంటే బరువైన తిండి తిన్నట్టే. తినాలనిపిస్తే పాలలో ఉడికించి కొంచెం తినండి, లేదా కిచిడీలో వేరుశెనగలు వేసి, పక్కన పెరుగు పెట్టుకోండి.

ద్వాదశి రోజు: పారణ వేళ పంచాంగంలో చూసుకోండి. ముందు తులసి తీర్థం, ఆ తర్వాత తేలికైన భోజనం. కొన్ని వైష్ణవ సంప్రదాయాల ఇళ్లలో ద్వాదశికి అవిశాకు, ఉసిరి తప్పనిసరి. అవి దొరక్కపోతే పెసరపప్పు, అన్నం, మజ్జిగ చాలు. ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు పూరీ, ఆవకాయ మొదటి ముద్దగా వద్దు.

చివరిగా

మా అమ్మ ఇప్పటికీ ఏకాదశి మానలేదు. డాక్టర్ గారితో మాట్లాడి మందు వేళలు మార్పించుకుంది. మూడు పూటలా కొంచెం కొంచెం పాలు, పండ్లు తీసుకుంటుంది, మధ్యాహ్నం ఒకసారి షుగర్ చూసుకుంటుంది. మిగతా టైం విష్ణు సహస్రనామం. "అప్పుడు రోజంతా ఆకలే గుర్తొచ్చేదిరా, ఇప్పుడు స్వామి గుర్తొస్తున్నాడు" అంటుంది.

మీ ఇంట్లోనూ షుగర్ మాత్రలు వేసుకుంటూ ఉపవాసాలు చేసే అమ్మో, అమ్మమ్మో, నాన్నో ఉండే ఉంటారు. వచ్చే ఏకాదశిలోపు వాళ్ల పక్కన కూర్చుని విదురుడి మాట చెప్పండి. మనం "మానెయ్" అంటే వాళ్లు వినరు. "నీళ్లు తాగినా, మందు వేసుకున్నా వ్రతం చెడదని మహాభారతంలోనే ఉంది" అంటే వింటారు.

జై శ్రీమన్నారాయణ.