ఆట సులువైంది – మరి ఓర్పు?

“ఈ కాలం పిల్లలకు ఓర్పు లేదు, వాళ్ళ ఆటలు కూడా సులువే” అని తల్లిదండ్రులు మాతో అంటుంటారు. ఇది ఎంతవరకు నిజమో చూద్దాం.

1985లో నింటెండో కంపెనీ తెచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆటలో మొదట మూడు ప్రాణాలే ఉండేవి. అన్నీ పోతే సాధారణంగా మళ్ళీ మొదటినుండి ఆడవలసిందే. 2009 నాటి మారియో ఆటలో మాత్రం ఒకే దశలో ఎనిమిదిసార్లు ఓడితే ఒక ఆకుపచ్చ పెట్టె కనిపిస్తుంది. దాన్ని కొడితే లూయీజీ అనే పాత్ర తానే ఆడి దారి చూపిస్తుంది.

అయితే పాత ఆటల కష్టం ఓర్పు నేర్పడానికి పెట్టింది కాదు. నాణెం వేసి ఆడే యంత్రాల్లో త్వరగా ఓడితేనే మరో నాణెం పడేది. నేటి ఫోను ఆటలు ఎక్కువసేపు ఆడిస్తేనే ఆదాయం. రెండూ వ్యాపారమే. పైగా 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ ఎంతో కష్టమైన ఆట. అయినా రెండు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. కష్టం మీద ఇష్టం చావలేదు.

ఆరోగ్యరీత్యా చూడవలసింది ఆట సులువా, కష్టమా అని కాదు. ఆపగలుగుతున్నారా లేదా అని. చదువు, నిద్ర చెడుతున్నా ఆట మానలేకపోతే వైద్యుని సంప్రదించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022నుండి అమలైన తన వ్యాధుల జాబితాలో దీన్ని చేర్చింది.

మనం గమనించవలసింది ఇంకొకటుంది. ఆ ఆట ఎనిమిది ఓటములదాకా ఆగింది. బిడ్డ చొక్కా గుండీ పెట్టుకోలేకపోతే, లెక్క తప్పితే, మనం ఎన్నిసార్లు ఆగుతున్నాం?