ఉత్తరంలో ఖాతా నెంబరు మారితే: ఎగుమతి వర్తకులు గమనించవలసిన విషయాలు

విశాఖపట్నం: ఫిషింగ్ హార్బరులో తెల్లవారుజామున జరిగే వేలంలో మోసానికి చోటు తక్కువ. సరకు కళ్ళెదుట వుంటుంది, పాటదారు ఎదురుగా వుంటాడు. కౌంటులో తేడా వస్తే తగవు అక్కడికక్కడే తేలిపోతుంది. కాని హార్బరు సరకైనా, చెరువు రొయ్య అయినా ఐసు గదులు దాటి కంటెయినరులో విదేశానికి బయలుదేరిన తరువాత బేరమంతా ఈ-మెయిల్ ఉత్తరాల మీదనే నడుస్తుంది. కొన్నవాని ముఖం అమ్మినవాడు చూడడు. మోసగాడు గాలం వేసేది యిక్కడే.

ఈ మోసానికి పేరు కూడ 'ఫిషింగ్' కావడం విశేషం. పలకడం ఒక్కటే, ఇంగ్లీషులో మొదటి అక్షరం 'ఎఫ్'కు బదులు 'పి, హెచ్' వ్రాస్తారు. 1990 దశకం మధ్యలో అమెరికాలో వాడుకలోకి వచ్చిన మాట యిది. నమ్మదగినట్లు కనిపించే ఉత్తరం ఎర, అవతలివాని పాస్‌వర్డు లేక సొమ్ము చేప.

ఎర వేసే విధానం

ఒక ఎగుమతిదారు 17 టన్నుల వెనామీ రొయ్యను కిలో 8 డాలర్ల లెక్కన అమ్మాడనుకొందాం. సరకు విలువ 1,36,000 డాలర్లు. సరకు బయలుదేరడానికి కొన్ని వారాల ముందు ఆఫీసు గుమాస్తాకు ఒక ఉత్తరం వస్తుంది: "మీ మెయిల్ పెట్టె నిండిపోయినది. యిక్కడ నొక్కి పాస్‌వర్డు యివ్వండి." గుమాస్తా యిస్తాడు. ఏమీ జరగదు. జరగలేదని మరచిపోతాడు.

కాని ఆనాటి నుండి మోసగాడు ఆఫీసు ఉత్తరాలన్నీ చదువుతూ వుంటాడు. ఇన్వాయిస్ నెంబరు, బిల్ ఆఫ్ లేడింగ్ తేదీ, సొమ్ము రావలసిన రోజు, యజమాని వ్రాసే తీరు అన్నీ పట్టుకుంటాడు. చెల్లింపు సమయానికి కొనుగోలుదారుకు ఎగుమతిదారు పేరుతో ఒక ఉత్తరం పోతుంది: "మా ఖాతా ఆడిట్‌లో వున్నది. ఈ పర్యాయం సొమ్ము ఈ క్రింది ఖాతాకు పంపండి." అతడు పంపుతాడు.

"సొమ్ము చెల్లించాను" అంటాడు కొన్నవాడు. "నాకు ముట్టలేదు" అంటాడు అమ్మినవాడు. ఇద్దరి మాటా నిజమే. కాని ఈలోగా రైతుకు, ప్యాకింగ్ కూలీలకు డబ్బు యివ్వాలి. ప్యాకింగ్ క్రెడిట్‌పై వడ్డీ పెరుగుతుంది. ఎగుమతి సొమ్ము గడువులోగా ఎందుకు రాలేదో బ్యాంకుకు జవాబు చెప్పుకోవాలి. సంవత్సరాల నాటి వర్తక స్నేహం ఒక్క ఉత్తరంతో చెడుతుంది.

పెద్ద సంస్థలూ చిక్కాయి

చిన్న వర్తకులే యిందుకు లోనవుతారనుకోవడం పొరపాటు. 2013-2015 మధ్య ఎవాల్డాస్ రిమసౌస్కాస్ అనే లిథువేనియా దేశస్థుడు, ఒక తైవాన్ సరఫరా కంపెనీ పేరుతో నకిలీ ఇన్వాయిస్‌లు పంపి గూగుల్, ఫేస్‌బుక్ సంస్థల నుండి 12 కోట్ల డాలర్లకు పైగా రాబట్టాడు. 2019 డిసెంబరులో న్యూయార్కు కోర్టు అతనికి 5 సంవత్సరాల శిక్ష విధించింది. వ్యాపార ఉత్తరాల మోసాలపై అమెరికా ఎఫ్.బి.ఐ.కి 2024లో అందిన ఫిర్యాదుల ప్రకారం నష్టం సుమారు 277 కోట్ల డాలర్లు.

2025 ఆగస్టులో అమెరికా భారత సరకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య ఎగుమతిదారులు కొత్త దేశాలలో కొనుగోలుదారులను వెతకవలసి వచ్చింది. ముఖపరిచయం లేని బేరాలు పెరిగిన కొద్దీ యిటువంటి మోసానికి సందు పెరుగుతుందన్నది గమనార్హం.

గుర్తించడం ఎట్లు?

మొదట పంపినవాని చిరునామాను అక్షరం అక్షరం చదవాలి. ఇంగ్లీషు చిన్న అక్షరాలలో 'ఆర్', 'ఎన్' పక్కపక్కన వేస్తే 'ఎమ్' వలె కనిపిస్తుంది. 'ఎల్' స్థానంలో అంకె 1 వేసినా కంటికి ఆనదు. అయితే మెయిల్ పెట్టెలోనే మోసగాడు చేరి వుంటే చిరునామా కూడ సరిగానే వుంటుంది. కనుక అసలు పరీక్ష వేరు.

ఖాతా నెంబరు మారినదని ఏ ఉత్తరం వచ్చినా పాత ఫోను నెంబరుకే మాట్లాడి నిర్ధారించుకోవాలి. ఆ ఉత్తరంలో యిచ్చిన నెంబరుకు చేస్తే మోసగాడే ఎత్తుతాడు. "ఫోనుపై నిర్ధారించనిదే ఖాతా మార్పు చెల్లదు" అన్న షరతును మొదటి కాంట్రాక్టులోనే వ్రాసుకోవడం మేలు. తొందరపెట్టే ఉత్తరం, రహస్యంగా వుంచమనే ఉత్తరం అనుమానించదగినవి. లెటర్ ఆఫ్ క్రెడిట్ బేరాలలో చెల్లింపు బ్యాంకుల ద్వారా సాగుతుంది గనుక ఈ మోసానికి అవకాశం తక్కువ. ఉత్తరాల ఆధారంగా నేరుగా ఖాతాకు సొమ్ము పంపే బేరాలలో ప్రమాదం హెచ్చు.

దేశంలో చెల్లింపులకు మరొక జాగ్రత్త అవసరం. నెఫ్ట్, ఆర్.టి.జి.ఎస్. పద్ధతులలో సొమ్ము ఖాతా నెంబరును బట్టి జమ అవుతుంది, పేరును బట్టి కాదు. అందువల్ల సొమ్ము పంపే ముందు ఖాతాదారు పేరు చూసుకునే సౌకర్యాన్ని 2025 ఏప్రిల్ 1 లోగా కల్పించాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. ఆ పేరు చూడకుండా సొమ్ము పంపరాదు. యు.పి.ఐ.లో సొమ్ము స్వీకరించడానికి పిన్ అవసరం లేదు. పిన్ అడిగితే సొమ్ము పోతున్నదనే అర్థం.

సొమ్ము పోయినచో

పరువుకు జంకి దాచడం వల్ల మోసగానికే లాభం. వెంటనే 1930 నెంబరుకు ఫోను చేయాలి, బ్యాంకుకు వ్రాతపూర్వకంగా తెలపాలి. సొమ్ము మరో ఖాతాకు మారకముందే తెలిస్తే నిలుపుదల చేసే అవకాశం వుంటుంది. విదేశీ చెల్లింపు అయితే కొనుగోలుదారు తన బ్యాంకు ద్వారా సొమ్ము వెనక్కు కోరాలి. ఉత్తరాలను చెరపరాదు, అవే సాక్ష్యం. ఆఫీసు పాస్‌వర్డులన్నీ మార్చాలి. ఇతరుని వలె నటించి కంప్యూటరు ద్వారా మోసగించడం సమాచార సాంకేతిక చట్టం 2000, 66డి సెక్షన్ క్రింద నేరం.

ఈ ముఠాలు ఎక్కడో వున్నవని ఏమరరాదు. డేటా ఎంట్రీ ఉద్యోగాల ఆశ చూపి విశాఖ యువకులను కంబోడియాకు తరలించి, వారిచేత సైబర్ మోసాలు చేయిస్తున్న వ్యవహారాన్ని నగర పోలీసులు 2024 మే నెలలో బయటపెట్టారు. తెలుగువారికి తెలుగులోనే గాలం వేయగలవారు వున్నారని దీనివల్ల తెలుస్తున్నది.

కంటెయినరు తలుపుకు సీలు వేసిన తరువాత సరిచూడనిదే ఓడ ఎక్కనివ్వరు. ఖాతా నెంబరుకూ అదే నియమం పాటిస్తే ఖర్చు ఒక్క ఫోను కాలు మాత్రమే.