గోడ అతుకులు – లేపనముల ఎన్నిక

మానవుని ప్రథమావసరములలో నివాసము ఒకటి. నివాసమునకు గోడ ఆధారము. ఆ గోడకు నునుపును, అందమును ఇచ్చు లేపనమును గూర్చి మాత్రము మనము ఆలోచించుట అరుదు. మన నగరమున లేపన విద్యకు నాలుగు శతాబ్దములకు మించిన చరిత్ర కలదు. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా నిర్మింపజేసిన చార్మినార్ మీది పూలు, లతలు సున్నపు గచ్చుతో తీర్చినవే. గోల్కొండ చెంతనున్న కుతుబ్ షాహీ సమాధుల మీదను ఆ పనితనమే కానవచ్చును.

అచ్చటి నుండి మాదాపూరు చేరినచో దృశ్యము మారును. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతములలో కార్యాలయ భవనములు వరుసగా లేచినవి. బయట అద్దము, లోపల జిప్సము బోర్డు. ఒక సంస్థ వచ్చి తనకు కావలసిన గదులు కట్టించుకొనును; అది వెడలిన పిదప వచ్చిన సంస్థ వానిని విప్పించి వేరుగా కట్టించును. ఇటుక గోడ ఇంత తొందరకు ఓర్వదు. కావున ఇనుప రేకు చట్రమునకు ఇరువైపుల బోర్డులను మరలతో బిగించి గోడ నిలుపుదురు. పైకప్పు క్రింద ఫాల్స్ సీలింగును అట్లే అమర్చుదురు. ఈ బోర్డుకు మూలరూపమైన సాకెట్ బోర్డుకు 1894లో అమెరికాలో పేటెంటు లభించినది.

బోర్డు సాధారణముగా 4 అడుగుల వెడల్పు, 12.5 మిల్లీమీటర్ల మందము ఉండును. రెండు బోర్డులు కలియు చోట సందు తప్పదు. ఉర్దూలో దానిని జోడ్ అందురు, తెలుగులో అతుకు. గోడ అంతయు బాగుండి అతుకు చెడినచో, ఆ పని అంతయు చెడినట్లే.

ఒక అనుభవము

ఒక వేసవి సెలవులలో నేను అట్టి పనిచోట కూలీల హాజరు లెక్కలు వ్రాయు పనికి కుదిరితిని. భవనము అప్పగించు దినము దగ్గరపడినది. అతుకులలో నింపుటకు డబ్బాలలో సిద్ధముగా దొరకు ముద్దను తెచ్చి ఇచ్చిరి. మూడు పూతలుగా వేయుటకు వ్యవధి లేదనిరి. ఒకే మందపు పూత వేయించిరి. వారము తిరుగక మునుపే రంగు మీద వెంట్రుకవాసి బీటలు నిలువుగా కనబడినవి. నలుగురు పనివారి కూలిని ఆపివేసిరి. "చెయ్యి తప్పు కాదు బాబూ, డబ్బా తప్పు. సందులో వేసే సరుకు వేరు, పైన వేసే సరుకు వేరు" అని వృద్ధుడైన మేస్త్రీ నాతో అనెను. డబ్బా తెచ్చినవారు వేరు, తొందరపెట్టినవారు వేరు, కూలి పోయినది మాత్రము తాపీ పట్టినవారికి. ఆయన మాటలోని సత్యమును రసాయన శాస్త్రము ద్వారా తెలిసికొనుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

గట్టిపడుటలో మూడు విధములు

లేపనములు గట్టిపడు తీరు మూడు విధములు. మొదటిది సున్నము. సున్నపురాయిని కాల్చినప్పుడు అందలి బొగ్గుపులుసు వాయువు పోవును. నీరు పోసి విరిచిన సున్నము, గోడకు పట్టించిన పిమ్మట, గాలి నుండి ఆ వాయువును మరల గ్రహించి మెల్లమెల్లగా రాయి యగును. ఇందుకు ఓర్పు కావలెను.

రెండవది జిప్సము. దీని స్ఫటికములలో నీరు ఇమిడి యుండును. సుమారు 150 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఆ నీటిలో నాలుగింట మూడు వంతులు పోయి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అగును. దానికి నీరు కలిపినచో పోయిన నీటిని తిరిగి పట్టుకొని, సూదుల వంటి స్ఫటికములుగా ఒకదానితో నొకటి పెనవేసికొనును. అప్పుడు ముద్ద వెచ్చబడును. ఈ రహస్యమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవాయిజియే తన యౌవనమున, 1765లో, పరిశోధించి వివరించెను. బస్తాలలో పొడిగా వచ్చు అతుకు లేపనము ఈ జాతిదే. గట్టిపడు వేగమును తగ్గించు ద్రవ్యములు చేర్చి 20, 45, 90 నిమిషముల రకములుగా దీనిని తయారు చేయుదురు.

మూడవది డబ్బా ముద్ద. ఇందు మెత్తని సున్నపురాతి పొడి, జిగురు పదార్థము, నీరు ఉండును. ఇది రసాయనిక చర్య వలన గాక, నీరు ఆవిరియై పోవుట వలన మాత్రమే గట్టిపడును. నీరు పోయిన మేరకు ముద్ద కుంచించుకొనును. మందముగా వేసిన పూత బీటలు వారుటకు కారణము ఇదియే.

ఎన్నుకొను విధము

ఈ భేదము తెలిసినచో ఎన్నిక సులభము. సందును నింపుటకును, టేపును అంటించుటకును బస్తా పొడియే మేలు. అది అంతగా కుంచించుకొనదు, దృఢముగా నుండును. గాజునారతో అల్లిన జాలీ టేపు వాడునప్పుడు ఈ జాతి లేపనము తప్పనిసరి అని భావింపవలెను. కాగితపు టేపునకు రెండు జాతులును పనికివచ్చును. మూలలకు మడతపెట్టి అంటించుటకు కాగితమే అనుకూలము. పై పూతలకు డబ్బా ముద్ద శ్రేష్ఠము. అది మెత్తనిది, ఎమరీ కాగితమునకు సులభముగా లొంగును. ప్రతి పూతను పలుచగా వేసి, క్రిందిదాని కంటె వెడల్పుగా లాగవలెను. అప్పుడే అతుకు ఉబ్బుగా కనబడదు.

ఋతువును కూడ గమనింపవలెను. డబ్బా ముద్ద ఆరుటకు పూతకొక దినము పట్టుట సామాన్యము. జూన్ నుండి సెప్టెంబరు వరకు గాలిలో తేమ హెచ్చు గనుక ఇంకను ఆలస్యమగును. తడి యారకముందే రెండవ పూత వేయరాదు. వేసవిలో వేడిగాలి తగిలిన పూత పైపైన ఎండి బీటలు తీయును. కావున గాలి నేరుగా తగులకుండ కిటికీలు మూయవలెను. వ్యవధి తక్కువైనచో మొదటి రెండు పూతలను బస్తా పొడితో ముగించి, చివరిదానికి మాత్రమే డబ్బా ముద్దను వాడుట మధ్యేమార్గము.

మరికొన్ని జాగ్రత్తలు కలవు. గట్టిపడ నారంభించిన పొడి ముద్దలో మరల నీరు పోయరాదు. పెనవేసికొనుచున్న స్ఫటికములు తెగి ముద్ద బలహీనమగును. గమేళాను ప్రతిసారి కడుగవలెను. మిగిలిన పెళ్లలు విత్తనముల వలె పనిచేసి, క్రొత్త ముద్దను వేళకు ముందే బిగియునట్లు చేయును. తెల్ల సిమెంటు లప్పము సిమెంటు గోడలకు ఉద్దేశింపబడినది. దానిని బోర్డు అతుకులకు నమ్మరాదు. జిప్సము లీటరు నీటిలో సుమారు 2 గ్రాముల వరకు కరుగును. కావున స్నానపు గదులలో, నీరు చిమ్ము చోట్ల సాధారణ బోర్డును, ఈ లేపనమును వాడుట తగదు. చట్రమే కదలినచో ఏ లేపనమును బీటను ఆపజాలదు. మరలు, చట్రము సరిచూచిన పిమ్మటనే తాపీ పట్టవలెను.

ధూళి

ఇంకొక విషయము అన్నింటికన్న ముఖ్యమైనది. పూత ఆరిన పిమ్మట ఎమరీ కాగితముతో రుద్దునప్పుడు సన్నని ధూళి లేచును. కొన్ని లేపనముల ధూళిలో అభ్రకము, సిలికా రేణువులు కూడ ఉండవచ్చును. ఏండ్ల తరబడి పీల్చిన సిలికా ఊపిరితిత్తులను చెడగొట్టును. ఒకప్పుడు అమెరికాలో ఇట్టి లేపనములలో ఆస్బెస్టాస్ కూడ కలుపుచుండిరి; 1977లో అచ్చటి ప్రభుత్వ సంస్థ దానిని నిషేధించినది. ముఖమునకు చేతిరుమాలు చుట్టుకొనుట చాలదు. తగిన మాస్కు ఉండవలెను. వీలైన చోట తడి స్పాంజితో తుడిచి నునుపు చేసినచో ధూళి చాలవరకు తగ్గును. దీని ఖర్చు స్వల్పము; పనివాని ఊపిరి అమూల్యము.

ముగింపు

సోదర విద్యార్థులారా! ఐటీ రంగమనగానే మన మనస్సులో కంప్యూటరు మెదలును. ఆ కంప్యూటరు ఎదుట నున్న గోడను నిలిపినవారును ఆ రంగమునకు చెందినవారే. మన తరగతిలో జిప్సము సూత్రమును కంఠస్థము చేసి పరీక్షలో వ్రాయుదుము. ఆ సూత్రము తెలిసినవాడు ఒక్కడు ఆ పనిచోట అధికారములో ఉన్నచో, నాడు నలుగురి కూలి నిలిచియుండెడిది కాదు. మనలో కొందరు రేపు ఇంజనీర్లు, సూపర్‌వైజర్లు కావచ్చును. అప్పుడు అతుకులో బీట కనబడినచో మొదట చేయిని గాక డబ్బాను, గడియారమును పరీక్షింతురు గాక! చదివిన శాస్త్రము పనివానికి న్యాయము చేయుటకు ఉపయోగించిన నాడే విద్య సార్థకమగును.