సూపర్‌చార్జరు అమర్చుటకు పూర్వము

కమ్మరి తిత్తి నొత్తగానే కొలిమిలో నిప్పు తెల్లనగును. బొగ్గు మారలేదు, గాలి హెచ్చినది. మోటారు ఇంజనుకును ఇదే న్యాయము చెల్లును. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలుటకు తూకమున నించుమించు 14.7 పాళ్లు గాలి కావలయును. ఆ గాలిని సిలిండరులలోనికి బలవంతముగా నెట్టు సాధనమే సూపర్‌చార్జరు. జర్మనీ దేశపు మెర్సిడెస్ వారు 1921లో బెర్లిను ప్రదర్శనమున ఇట్టి కార్లను చూపిరి.

సూర్యాపేట, కోదాడల మీదుగా హైదరాబాదు నుండి విజయవాడకు పోవు డీజిలు లారీలలో పెక్కింటికి టర్బోచార్జరు గలదు. అది ఇంజను విడిచిన పొగ వేగముచే తిరుగును. సూపర్‌చార్జరు సామాన్యముగా ఇంజను ఇరుసుకు తగిలించిన బెల్టుచే తిరుగును. కావున పుట్టిన బలములో కొంత తానే తినును.

విద్యార్థులారా! కారుకు దీనిని అమర్చదలచినవాడు రెంచి పట్టుటకు ముందు పెన్సిలు పట్టవలయును.

మొదటి లెక్క గాలిది. 1,500 ఘన సెంటీమీటర్ల ఇంజను నిమిషమునకు 6,000 మార్లు తిరుగుననుకొనుడు. నాలుగు ఘాతముల ఇంజను రెండు చుట్లకొకసారి మాత్రమే నిండును. కావున నిమిషమునకు 4,500 లీటర్ల గాలి పట్టును. ఈ కొలతనుబట్టియే యంత్రము నెన్నుకొనవలయును.

రెండవది వేడిమి లెక్క. మన వేసవిగాలి 40 డిగ్రీలున్నదనుకొనుడు. దాని ఒత్తిడిని ఒకటిన్నర రెట్లు చేసినచో గాలియు ఒకటిన్నర రెట్లు చేరునని తోచును. కాని అదిమిన గాలి వేడెక్కును. సైకిలు పంపును తాకినవారికిది తెలియును. ఆ వేడి 100 డిగ్రీలు దాటవచ్చును. వేడిగాలి పలుచన గనుక సుమారు ఒకటింబాతిక రెట్లే చేరును. నడుమ ఇంటర్‌కూలరు నుంచి 60 డిగ్రీలకు చల్లార్చినచో 1.4 రెట్లు లభించును.

మూడవది ఓర్పు లెక్క. వేడియు ఒత్తిడియు మితిమీరినచో మిశ్రమము క్రమముగా కాలక ఒక్కుమ్మడి ప్రేలును. మెకానిక్కులు దీనినే నాకింగు అందురు. ఇది పిస్టనుకు చిల్లి పెట్టగలదు. కావున ఆక్టేను హెచ్చైన పెట్రోలు, తగ్గించిన కంప్రెషను, కొంత ఆలస్యముగా వెలుగు నిప్పురవ్వ, తగినంత ఇంధనము పంపు పంపును ఏర్పరచవలయును. కనెక్టింగు రాడ్లు, హెడ్ గ్యాస్కెట్టు, రేడియేటరు, క్లచ్చి కూడ ఆ భారమునకు తాళవలయును. బ్రేకులు, టైర్లు మఱువరాదు. త్వరగా పరుగెత్తు బండి త్వరగా నిలువలేనిచో, దారిన పోవువారి ప్రాణములకే ముప్పు.

నాలుగవది చట్టము. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని యజమాని తన యిచ్చవచ్చినట్లు మార్చరాదు. కనుక రవాణా అధికారుల నడుగకయే పని ప్రారంభించరాదు.

బలమొక్కటే గెలిపించునా? ఇంగ్లండులో బెంట్లీ కార్లకు సూపర్‌చార్జరు అమర్చుట ఆ కార్ల కర్త డబ్ల్యు. ఓ. బెంట్లీకి ఇష్టము లేకుండెను. 1930లో లె మాన్ పందెమున ఆ కార్లు రెండును నడుమనే ఆగిపోయినవి. సూపర్‌చార్జరు లేని పెద్ద ఇంజను గల బెంట్లీయే గెలిచినది. గాలి నెంత నెట్టగలమనునది సులభమైన ప్రశ్న. ఇంజను ఎంత ఓర్వగలదనునదే అసలు ప్రశ్న.

అభ్యాసము: 1,200 ఘన సెంటీమీటర్ల ఇంజను నిమిషమునకు 5,000 మార్లు తిరిగినచో ఎన్ని లీటర్ల గాలి కావలయునో లెక్కించుడు.