మొదటి కొండదారి పరుగు: దాహం, ఉప్పు, నొప్పి మాత్ర

నర్సుగా పనిచేసి రిటైరైన ఒక పాఠకురాలు ఇలా వ్రాశారు: “మా అబ్బాయి సిడ్నీలో ఉద్యోగం చేస్తున్నాడు. వయస్సు 34. ఇదివరకు రెండు మారథాన్లు పరుగెత్తాడు. ఇప్పుడు సిక్స్ ఫుట్ ట్రాక్ అనే 45 కిలోమీటర్ల కొండ పరుగులో పాల్గొంటానంటున్నాడు. ఎక్కువ దూరం వెళ్తే మోకాలు నొప్పి వస్తుందట, కాంబిఫ్లామ్ వేసుకుంటే సర్దుకుంటుందట. నీళ్లు బాగా తాగమని చెబుతున్నాను. ఇంకేమి చెప్పాలి?”

సిస్టర్ గారూ, మీ ఉత్తరంలో రెండు మాటల దగ్గర మేము ఆగిపోయాము. ఒకటి ఆ నొప్పి మాత్ర. రెండవది “నీళ్లు బాగా తాగు” అన్న మీ సలహా. ఇంటి దగ్గర ఈ రెండూ మామూలు సంగతులే. కొండల్లో ఆరేడు గంటలు శ్రమపడే మనిషికి మాత్రం ఇవి రెండూ కలిసి హాని చేయగలవు. అందుకే ఈ నెల పాఠంలో ఎక్కువ భాగం వీటికే కేటాయిస్తున్నాము. మీ అబ్బాయి కోసమే కాదు, మన ఊళ్లలో ఇప్పుడు పరుగు పందేలకు పేరు ఇస్తున్న యువతీ యువకులకు కూడా ఇది పనికివస్తుంది.

ఆ దారి ఎలాంటిది?

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. అంతకు మించినదాన్ని అల్ట్రా మారథాన్ అంటారు. 45 అంటే మూడు కిలోమీటర్లే కదా ఎక్కువ అనిపిస్తుంది. ఆ లెక్క రోడ్డుకు సరిపోతుంది గాని కొండకు సరిపోదు.

సిడ్నీకి పడమరగా ఉన్న బ్లూ మౌంటెన్స్‌లో కటూంబా నుండి జెనోలన్ గుహల వరకు 1884లో గుర్రాల మీద వెళ్లేవారి కోసం ఏర్పరచిన బాట ఇది. ఆరడుగుల వెడల్పు కనుక ఆ పేరు వచ్చింది. దానిమీద పరుగు పందెం 1984లో మొదలైంది. పాత మార్గంలో మొదట నెల్లీస్ గ్లెన్ అనే లోయలోకి మెట్లు, రాళ్ల మీదుగా దిగాలి. సుమారు 15వ కిలోమీటరు దగ్గర కాక్స్ నది వస్తుంది. అక్కడ ఎత్తు సుమారు 300 మీటర్లు. తరువాత రెండు పెద్ద ఎక్కుళ్లలో వెయ్యి మీటర్లు దాటిన బ్లాక్ రేంజ్ మీదికి చేరాలి. చివర మళ్లీ నిటారు దిగుడు. 2019-20 కార్చిచ్చులు, తరువాతి వరదలు ఆ ప్రాంతపు దారులను బాగా దెబ్బతీశాయి. కాబట్టి ఏ సంవత్సరం ఏ మార్గమో నిర్వాహకుల ప్రకటన చూసి తెలుసుకోవాలి.

అక్కడివారు ఆ అడవిని బుష్ అంటారు. చెట్లు ఎక్కువగా మనం జామాయిల్ అని పిలిచే జాతివే. మధ్యాహ్నం జామాయిల్ తోట గుండా నడిచినవారికి ఆ చెట్టు ఎంత పలుచని నీడ ఇస్తుందో తెలుసు. పందెం జరిగే మార్చి నెల అక్కడ వేసవి అప్పుడే ముగిసే కాలం. ఎండ గట్టిగా ఉండవచ్చు.

నీళ్లు తక్కువైనా ప్రమాదమే, ఎక్కువైనా ప్రమాదమే

ఎండలో నీళ్లు తక్కువైతే ఏమవుతుందో మన పాఠకులకు చెప్పనవసరం లేదు. మే నెలలో మన వార్డుల్లో చూస్తూనే ఉంటాము. రెండవ ప్రమాదం గురించి మాత్రం చాలామంది వినలేదు.

దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ అనే సుమారు 90 కిలోమీటర్ల పరుగు ఉంది. టిమ్ నోక్స్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1985లో ప్రచురించిన వ్యాసంలో ఇలాంటి దూరపు పందేల్లో సోడియం ప్రమాదకరంగా పడిపోయిన నలుగురిని గురించి వివరించారు. వారు అతిగా ద్రవం తాగడమే కారణమై ఉండవచ్చని సూచించారు. అప్పట్లో చాలామంది నమ్మలేదు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షించగా 13 శాతం మందికి సోడియం 135 గాని అంతకంటే తక్కువ గాని ఉంది. ముగ్గురికి 120 లేక అంతకంటే తక్కువ! వార్డులో 120 చూస్తే ఎంత కంగారు పడతామో మీకు తెలుసు. వీరు అప్పుడే పరుగు ముగించి వచ్చినవారు. పందెంలో బరువు పెరిగినవారిలోనే ఇది ముఖ్యంగా కనబడింది.

పరుగెత్తి బరువు పెరగడమేమిటి? శ్రమ, నొప్పి, వికారం ఉన్నప్పుడు శరీరం ఏ.డి.హెచ్. అనే హార్మోనును విడుదల చేస్తుంది. దానివల్ల మూత్రం తగ్గి నీరు లోపలే నిలిచిపోతుంది. ఆ సమయంలో దాహం లేకపోయినా ప్రతి స్థావరంలో రెండేసి గ్లాసులు తాగితే రక్తంలోని ఉప్పు పలుచబడుతుంది. మెదడు వాస్తుంది. మొదట కడుపు ఉబ్బరం, వికారం, తలనొప్పి, వేళ్లు వాచి ఉంగరం బిగుసుకోవడం, తరువాత తికమక మాటలు, చివరికి ఫిట్స్ వస్తాయి. వేగంగా వెళ్లేవారికంటే నెమ్మదిగా, ఎక్కువ గంటలు దారిలో ఉండేవారికి ఈ ముప్పు ఎక్కువ. తాగే వ్యవధి వారికే ఎక్కువ గదా. మొదటిసారి కొండెక్కేవారు సాధారణంగా ఈ గుంపులోనే ఉంటారు.

ఆటగాళ్ల పానీయాలు తాగితే సరిపోతుందని కొందరు అనుకుంటారు. మన రక్తంలో సోడియం లీటరుకు సుమారు 140 మిల్లీమోల్స్. ఓ.ఆర్.ఎస్.లో 75. దుకాణంలో అమ్మే ఆ రంగు పానీయాల్లో చాలావాటిలో 20 ప్రాంతమే. కనుక వాటిని అతిగా తాగినా రక్తం పలుచబడుతుంది. ఉప్పు మాత్రలు మింగుతూ ఇష్టం వచ్చినంత నీరు తాగడం కూడా రక్షణ కాదు.

మరి ఎంత తాగాలి? దాహం వేసినప్పుడు, దాహం తీరేంత. 2015లో ఈ విషయంపై సమావేశమైన నిపుణుల సలహా కూడా ఇదే. చాలామందికి ఇది గంటకు 400 నుండి 800 మిల్లీలీటర్ల మధ్య ఉంటుంది గాని ఆ అంకెను మొక్కుబడిగా పూర్తి చేయవలసిన పని లేదు. సాధనలో మూడు గంటల పరుగుకు ముందు, తరువాత కాటా మీద నిలబడి చూసుకోమనండి. కిలో, కిలోన్నర తగ్గితే భయం లేదు. పెరిగితే అవసరానికి మించి తాగుతున్నాడన్నమాట. ఖర్చు లేని పరీక్ష ఇది, వదలవద్దు.

ఆ మాత్ర సంగతి

కాంబిఫ్లామ్‌లో పారాసిటమాల్‌తో పాటు ఐబూప్రొఫెన్ కూడా ఉంది. మన ఊళ్లలో బ్రూఫెన్ అంటే అందరికీ తెలుసు. పరుగు సమయంలో రక్తం కండరాలకు, చర్మానికి మళ్లుతుంది. మూత్రపిండాలకు తగ్గుతుంది. అప్పుడు అక్కడి రక్తనాళాలను తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి నొప్పి తగ్గించేది ఈ ప్రోస్టాగ్లాండిన్లను ఆపడం ద్వారానే. అంటే మూత్రపిండాలకు కాపలా అవసరమైన గంటలోనే కాపలావాణ్ణి పంపించివేసినట్టు. పైగా ఇవి ఏ.డి.హెచ్. ప్రభావాన్ని పెంచి నీటిని మరింత నిలుపగలవు. మాత్ర, అతి నీరు రెండూ కలిస్తే హాని చేస్తాయని మొదట అన్నది ఇందుకే.

2017లో ప్రచురించిన ఒక పరిశీలనలో సుమారు 80 కిలోమీటర్లు పరుగెత్తిన 89 మందిలో సగం మందికి ఐబూప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు నాలుగు గంటలకొకసారి, మిగిలినవారికి మందు లేని మాత్ర ఇచ్చారు. క్రియాటినిన్ చూస్తే ఐబూప్రొఫెన్ వేసుకున్నవారిలో 52 శాతానికి, వేసుకోనివారిలో 34 శాతానికి మూత్రపిండాలు దెబ్బతిన్న గుర్తులు కనబడ్డాయి. మాత్ర లేకుండానే మూడింట ఒకరికి ఆ భారం ఉందని గమనించండి. చాలామందికి అది కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. బి.పి. మాత్రలు వాడేవారు, షుగర్ ఉన్నవారు, ఎండలో వాంతులు చేసుకున్నవారు ఆ నమ్మకంతో ఉండరాదు.

పారాసిటమాల్ ఒక్కటే వేసుకుంటే? మూత్రపిండాలకు ఈ విధమైన హాని ఉండదు. అయితే మోకాలు చేసే హెచ్చరికను అది కూడా కప్పివేస్తుంది. మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాము. ఏ మాత్రా లేకుండా కొండదారిలో 30 కిలోమీటర్లు వెళ్లలేని మోకాలితో ఈ సంవత్సరం పందెం వద్దు. అబ్బాయికి ఈ మాట నచ్చకపోవచ్చు. ఫిజియోథెరపిస్టుకు చూపించి తొడ, తుంటి కండరాలను నాలుగు నెలలు బలపరచుకుంటే వచ్చే మార్చికి ఆ కొండ అక్కడే ఉంటుంది.

నడవడం, దిగడం నేర్చుకోవాలి

రోడ్డు మీద పరుగెత్తేవారికి నడవడమంటే చిన్నతనం. కొండమీద నిటారు ఎక్కుడును అనుభవజ్ఞులు కూడా నడిచే ఎక్కుతారు. తొడలమీద చేతులు వేసి, చిన్న అడుగులతో, మాట్లాడగలిగే ఊపిరితో. ఊపిరి అందనంతగా ఎక్కినవారికి ఆ తరువాత కడుపు తిండిని స్వీకరించదు.

మోకాలికి, తొడకు అసలు కష్టం దిగేటప్పుడే. దిగుడులో తొడ ముందు కండరం సాగుతూనే బరువు ఆపాలి. కండరపు పోగులు ఎక్కువగా చిట్లేది అప్పుడే. రెండవ రోజు, మూడవ రోజు మెట్లు దిగలేకపోవడం దీనివల్లనే. సంతోషకరమైన సంగతి ఏమిటంటే, ఒకసారి దిగుడు సాధన చేసిన కండరం తరువాత కొన్ని వారాలపాటు అదే పనికి తక్కువగా దెబ్బతింటుంది. కాబట్టి చివరి రెండు నెలల్లో వారానికి ఒకసారి దిగుడు సాధన ఉండాలి. పందానికి రెండు వారాల ముందునుండి దూరం తగ్గించాలి.

తిండి సంగతి తేలికే. గంటకు 30 నుండి 60 గ్రాముల పిండిపదార్థం చాలు. ఒక అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. ఖర్జూరాలు, పల్లీ చిక్కీ, ఉప్పు చల్లిన ఉడికిన బంగాళాదుంప ఏవైనా మంచివే. సాధనలో తిననిది పందెం రోజున నోట పెట్టరాదు.

సంచిలో ఏమి ఉండాలి

నీటి సీసాతో పాటు వాన కోటు, వెచ్చని పై చొక్కా, పలుచని రేకు దుప్పటి, విజిల్, టార్చి, క్రేప్ బ్యాండేజీ. ఎండాకాలంలో కోటు ఎందుకని నవ్వేవారుంటారు. 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో 100 కిలోమీటర్ల కొండ పరుగులో వాతావరణం హఠాత్తుగా మారి, వడగండ్లు, చలిగాలి వచ్చి 172 మందిలో 21 మంది మరణించారు. వారిలో అనేకులు పొట్టి లాగులు, పలుచని చొక్కాలతో ఉన్నారు. తడిసి ఆగిపోయిన మనిషి ఎంత త్వరగా చల్లబడతాడో తెలిస్తే ఆ కోటు బరువు అనిపించదు.

క్రేప్ బ్యాండేజీ పాముకాటు కోసం. ఇక్కడ జాగ్రత్తగా చదవండి. ఆస్ట్రేలియాలో కాటు పడిన చేయి లేక కాలు మొత్తానికి గట్టిగా బ్యాండేజీ చుట్టి, బద్ద కట్టి, మనిషిని కదలకుండా ఉంచడం అక్కడి ప్రామాణిక ప్రథమ చికిత్స. మన దేశంలో రక్తపింజరి కాటుకు అలా బిగించి కడితే ఆ చోట కండరం మరింత దెబ్బతినవచ్చు. అందుచేత ఇక్కడ బిగించకుండా, విరిగిన ఎముకకు చేసినట్టు కదలకుండా బద్ద కట్టి ఆసుపత్రికి తేవడమే మన పద్ధతి. త్రాడుతో బిగించడం, కోయడం, పీల్చడం రెండు దేశాల్లోనూ తప్పే.

ఎవరైనా కూలిపోతే

గీత దాటిన వెంటనే కూలిపోతే చాలావరకు భయం లేదు. కాళ్లు ఆగగానే రక్తం కాళ్లలో నిలిచిపోవడమే కారణం. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెడితే కొద్ది నిమిషాల్లో లేస్తారు. గీతకు ముందే పడిపోయినవారు, మాట తడబడేవారు వేరు. వెంటనే ఉష్ణోగ్రత చూడాలి. 40 డిగ్రీలు దాటి మాట తికమకగా ఉంటే అది వడదెబ్బ. అప్పుడు ఆసుపత్రికి పంపే లోపలే చల్లని నీళ్లలో ముంచాలి, లేదా నీళ్లు పోస్తూ విసరాలి.

ఉష్ణోగ్రత మామూలుగా ఉండి తికమక, వాంతులు, వాపు ఉంటే సోడియం సంగతి ఆలోచించాలి. మన ఊళ్లలో నీరసమంటే సెలైన్ సీసా వేలాడదీయడం అలవాటు. ఇక్కడ మామూలు సెలైన్ పరిస్థితిని మరింత చెడగొట్టవచ్చు. సోడియం బాగా పడిపోయి మెదడు లక్షణాలు ఉన్నవారికి ఇచ్చేది 3 శాతం సెలైన్, 100 మిల్లీలీటర్లు. అవసరమైతే పది నిమిషాల వ్యవధితో మొత్తం మూడుసార్ల వరకు ఇస్తారు. పరుగు పందేల దగ్గర శిబిరం పెట్టే నర్సులు డ్యూటీ డాక్టరును ముందే అడిగి ఆ సీసా ఎక్కడ ఉందో చూసుకోవాలి.

పేరు ఇచ్చే ముందు

పరుగులో ఎప్పుడైనా ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం జరిగినవారు, ఇంట్లో చిన్న వయస్సులో హఠాత్తుగా మరణించినవారు ఉన్నవారు ముందుగా గుండె పరీక్ష చేయించుకోవాలి. మన ఏజెన్సీ ప్రాంతపు కుటుంబాల్లో కనిపించే సికిల్ సెల్ లక్షణం, అంటే జబ్బు లేకుండా ఒక్క జన్యువు ఉన్నవారిలోనూ, తీవ్ర శ్రమవల్ల కండరాలు చిట్లే ముప్పు కొంత ఎక్కువ. వారు పరుగు మానవలసిన పని లేదు. డాక్టరుకు ఆ సంగతి చెప్పి, సాధన నెమ్మదిగా పెంచుకోవాలి.

పందెం తరువాత రెండు రోజులు మూత్రం రంగు చూసుకోవాలి. కాఫీ డికాక్షన్ రంగులో వచ్చినా, పన్నెండు గంటలపాటు అసలు రాకపోయినా, తొడలు వాచి రాయిలా గట్టిపడినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లి క్రియాటినిన్, సి.కె. పరీక్షలు చేయించుకోవాలి. ఒళ్లు నొప్పులకు ఆ రెండు రోజులు కూడా బ్రూఫెన్ జాతి మాత్రలు వద్దు.