నిధిని దాచేవారి ధర్మం

మీ ఇంట్లో అమ్మమ్మగారో తాతగారో మిమ్మల్ని దగ్గర కూర్చోబెట్టుకొని పొడుపు కథలు పొడిచే ఉంటారు. మీరు కొన్నింటిని విప్పి ఉంటారు. విప్పలేనప్పుడు "ఓడిపోయాను, చెప్పు" అని అడిగి ఉంటారు. విడుపు విన్న తరువాత "అయ్యో, ఇంతేనా! నాకెందుకు తట్టలేదు?" అనిపిస్తే అది మంచి పొడుపు. "ఇదెక్కడి న్యాయం?" అనిపిస్తే అందులో ఏదో లోపం ఉన్నదన్నమాట.

నిధి వేట ఆటలోనూ ఇంతే. ఒకరు ఒక వస్తువును దాచి, అది ఉన్న చోటును గూఢంగా తెలిపే ఆనవాళ్ళు వ్రాస్తారు. మిగిలినవారు వాటిని విప్పుకొంటూ వెదకుతారు. ఆనవాలు మరీ తేలికైతే ఆట రక్తికట్టదు. మరీ కఠినమైతే ఆడేవారు విసిగిపోతారు. కఠినంగానూ, న్యాయంగానూ ఉండే ఆనవాలు వ్రాయడం ఎలాగో ఈ పాఠంలో తెలుసుకొందాం. అందుకు ముందుగా అమెరికాలో జరిగిన మూడు పెద్ద వేటలను చూద్దాం.

మూడు వేటలు

మిన్నెసోటా రాష్ట్రంలో సెయింట్ పాల్ అనే నగరం ఉన్నది. చలికాలంలో అక్కడ నేలంతా మంచు కప్పుకొంటుంది. ఆ రోజుల్లో జరిగే వింటర్ కార్నివాల్ ఉత్సవంలో 1952 నుంచి నిధి వేట ఒక వేడుకగా వస్తున్నది. పార్కులలో ఏదో ఒక చోట ఒక పతకాన్ని దాస్తారు. పయనీర్ ప్రెస్ పత్రిక రోజుకొకటి చొప్పున ప్రాసతో కూడిన ఆనవాళ్ళను ప్రకటిస్తుంది. మొదటివి అంత త్వరగా అంతుపట్టవు. రోజులు గడిచేకొద్దీ అవి స్పష్టమవుతాయి. చురుకైనవారు ముందే కనిపెట్టవచ్చు. తక్కినవారు కూడా చివరిదాకా ఆశ వదలుకోనక్కరలేదు.

రెండవది 1982 నాటిది. న్యూయార్కు ప్రచురణకర్త బైరన్ ప్రైస్ 'ది సీక్రెట్' అనే పుస్తకాన్ని వెలువరించాడు. ఉత్తర అమెరికాలో 12 చోట్ల 12 చిన్న పెట్టెలను పాతిపెట్టాడు. పుస్తకంలో 12 బొమ్మలు, 12 పద్యాలు ఉన్నాయి. ఏ బొమ్మకు ఏ పద్యమో జతపరచుకొని చోటు కనిపెట్టాలి. పెట్టెలోని తాళంచెవిని తెచ్చి ఇచ్చినవారికి ఒక రత్నం బహుమానం. 1983లో షికాగోలో ఒకటి, 2004లో క్లీవ్‌లాండులో ఒకటి, 2019లో బోస్టనులో ఒకటి దొరికాయి. మిగిలిన తొమ్మిదీ దొరకలేదు. ప్రైస్ 2005లో రోడ్డు ప్రమాదంలో మరణించాడు. పాతిన చోట్లను ఎవరికీ చెప్పి ఉంచలేదు. ఇన్నేళ్ళలో పార్కులు మారుతాయి, చెట్లు కూలుతాయి, గోడలు పడిపోతాయి. ఇప్పుడు ఎవరైనా ఒక పద్యాన్ని సరిగానే విప్పినా, "ఔను, అదే" అని చెప్పే మనిషి లేడు.

మూడవది న్యూమెక్సికో రాష్ట్రానికి చెందిన ఫారెస్ట్ ఫెన్ పెట్టిన వేట. ఈయన రాకీ పర్వతాలలో ఒక కంచు పెట్టెలో బంగారాన్ని దాచి, 2010లో ఒక పుస్తకంలో 24 పాదాల పద్యం ప్రకటించాడు. అందులో తొమ్మిది ఆనవాళ్ళున్నాయని చెప్పాడు. వేలాదిమంది వెదికారు. 2020లో వయోమింగ్ రాష్ట్రంలో ఆ పెట్టె దొరికింది. కాని ఈలోగా నదులలోను, కొండలలోను, మంచులోను కనీసం ఐదుగురు ప్రాణాలు పోగొట్టుకొన్నారు. వెదకబోయినవారు మరణించడంతో, నిధి నీటి అడుగున లేదనీ, నిటారైన కొండలు ఎక్కనక్కరలేదనీ 2017లో ఫెన్ విప్పి చెప్పవలసి వచ్చింది. ప్రాణాలకు సంబంధించిన మాటను పొడుపులో ఇమడ్చరాదు. ఆటకు ముందే, అందరికీ అర్థమయ్యే మాటలలో చెప్పాలి.

ఆనవాలు కూర్చే విధం

మన తెలుగులో గూఢంగా చెప్పడానికి అనేక మార్గాలున్నాయి. మూడింటిని చూడండి.

ఒకటి, నానార్థాలు. "రోజుకు ఇరవై నాలుగు, మన బడికి ఒక్కటే. దాని క్రింద చూడు." కాలాన్ని కొలిచేది గంట, బడిలో మ్రోగేదీ గంటే. ఇక్కడ ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

రెండు, అక్షరాల తారుమారు. "కలప వెనుదిరిగితే అ ఆలు దిద్దుకోవచ్చు." కలప అనే మాటను వెనుక నుంచి చదవండి. పలక అవుతుంది. 'వెనుదిరిగితే' అనే మాట విప్పే దారిని చూపుతున్నది. ఆ మాట లేకపోతే ఆనవాలు అన్యాయమే.

మూడు, సంఖ్యా సంకేతం. వేదాలంటే నాలుగు, బాణాలంటే ఐదు. పూర్వం శాసనాలలో శక సంవత్సరాలను ఇలా మాటలతో చెప్పడం ఉండేది.

ఈ మూడవ మార్గంలోనే నేనొకసారి పొరబడ్డాను. మా తరగతి పిల్లలకు ఇలా వ్రాసి ఇచ్చాను: "వేపచెట్టు నుంచి తూర్పుగా ఋతువులన్ని అడుగులు." సగంమంది ఆరు అడుగులు వేశారు. సగంమంది నాలుగే వేసి, అక్కడ త్రవ్వసాగారు. ఇంగ్లీషు వాచకంలో ఋతువులు నాలుగని వారు చదువుకొన్నారు. అమెరికాలో పెరిగే తెలుగు పిల్లలకైతే తమ చుట్టూ కనిపించేవే ఆ నాలుగు. ఏమీ దొరకక ఒక అమ్మాయి, "నేను చదివింది తప్పా, మాస్టారూ?" అని కళ్ళనీళ్ళతో అడిగింది. తప్పు ఆమెది కాదు, నాది. "వసంతం మొదలు శిశిరం వరకు ఎన్ని ఋతువులో అన్ని అడుగులు" అని వ్రాసి ఉంటే పేచీ ఉండేది కాదు. పైగా అడుగు ఎవరిదో కూడా నేను చెప్పలేదు. ఐదో తరగతి పిల్లవాడి అడుగు, పదో తరగతి పిల్లవాడి అడుగు ఒకటి కావు కదా!

గుర్తుంచుకోవలసిన నియమాలు

1. దాచవచ్చు గాని అబద్ధమాడరాదు. ఆనవాలులోని ప్రతి మాటకు ఒక పని ఉండాలి.

2. విడుపు ఒక్కటే కావాలి. రెండు వస్తే ఆనవాలు తిరగవ్రాయాలి.

3. విప్పడానికి కావలసిన విషయం ఆడేవారికి తెలిసినదై ఉండాలి. మీ ఇంటి కుక్కపిల్ల పేరు ఇతరులకు ఎలా తెలుస్తుంది?

4. కదలని వస్తువునే గుర్తుగా పెట్టాలి. ఆగి ఉన్న బండిని, ఎండిన కొమ్మను నమ్మరాదు.

5. చిక్కుకొన్నవారి కోసం తేలికైన రెండవ ఆనవాలు, మూడవ ఆనవాలు సిద్ధంగా ఉంచాలి.

6. బావి, రోడ్డు, కరెంటు స్తంభం, మేడ అంచు, పరుల ఇంటి ఆవరణ ఉన్న వైపు నిధిని దాచరాదు. ఆ సంగతి ముందే చెప్పాలి.

7. నిధి చోటును, ఆనవాలు విప్పే విధానాన్ని కాగితం మీద వ్రాసి, కవరులో పెట్టి అంటించి, ఉపాధ్యాయునికి ఇవ్వాలి.

8. ఆటకు ముందురోజు ఆటలో లేని స్నేహితునికి ఇచ్చి విప్పమనాలి. అతడు పొరబడితే ముందు మీ ఆనవాలును తప్పుపట్టండి, తరువాతే అతణ్ణి.

అభ్యాసం

1. సెయింట్ పాల్ వేటలో ఆనవాళ్ళను రోజుకొకటి చొప్పున ప్రకటించడం వల్ల ఎవరికి మేలు?

2. ప్రైస్ పైన చెప్పిన నియమాలలో దేనిని పాటించి ఉంటే మిగిలిన పెట్టెల సంగతి నేడు తెలిసేది?

3. పాదం, కొమ్మ, కరము అనే మాటలకు నానార్థాలు నిఘంటువులో చూసి వ్రాయండి. వాటిలో ఒకదానితో ఒక ఆనవాలు కూర్చండి.

4. మీ తరగతి గదిలో ఒక సుద్దముక్కను దాచి మూడు ఆనవాళ్ళు వ్రాయండి. మీకంటె చిన్న తరగతి విద్యార్థి ఒకరి చేత విప్పించండి. అతడు ఎక్కడ ఆగిపోయాడో గమనించి, ఆ మాటను మార్చి వ్రాయండి.